లైన్‌పార్ మనవరాళ్ళు

లైన్‌పార్ బస్తీ, జగదల్‌పూర్
12 జనవరి 2025

ఒరే ఉమామహేషూ,

మీ మేనత్త తాతమ్మ చెబుతుంటే రైలు గార్డు గారి భార్య సంతోషకుమారి రాస్తున్న ఉత్తరం ఇది. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నా అత్తా" అని మధ్యలో కోసేస్తావు. కాగితాన్ని అలా కొయ్యలేవు కదా. ఇకమీదట నీ ఫోను ఎత్తను. చెప్పేదేదైనా ఉంటే నువ్వూ రాయి. సంతోషకుమారి చదివి వినిపిస్తుంది.

నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పేజీ అంతా వాటి గురించే రాసి తప్పించుకుంటావని ముందే చెప్పేస్తున్నాను.

మొన్న మంగళవారం నలుగురు మనుషులు డబ్బా, బ్రష్షు పట్టుకొచ్చి మన లైనులో ప్రతి ఇంటి గోడకూ ఎర్ర ఇంటూ మార్కు పెట్టి పోయారు. రాధ వాళ్ళింటికి పెట్టారు, సుమిత్ర వాళ్ళింటికి పెట్టారు. మనింటికి తలుపు పక్కనే, మొన్న దీపావళికి సున్నం వేయించిన చోట పెట్టారు. "ఏటి బాబూ ఇది? నా గోడ నీకు పలకలాగ అవుపిస్తందా?" అంటే, "యూనివర్సిటీ ఆర్డర్ అమ్మా" అన్నాడు వాళ్ళలో తెలుగొచ్చినవాడు. రెండో ఇంటికి పోయేలోగా తడిగుడ్డతో తుడిచేశాను. చెరగలేదు. గోడంతా గులాబీ రంగైంది.

సాయంత్రం సోమిని తీసుకుని ఇంద్రావతి యూనివర్సిటీ గేటు దగ్గరికి పోయాను. సోమి ఎవరో నీకు తెలుసు కదా, ఆవపల్లి వైపు నుంచి వచ్చి ఎం.ఏ. చదువుతున్న పిల్ల. గేటు దగ్గర పెద్ద బొమ్మల బోర్డు పెట్టారు. వెడల్పాటి రోడ్డు, కాఫీ కొట్లు, పుస్తకాల షాపులు, బెంచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్న ఇద్దరు పిల్లలు, వాళ్ళ పక్కన ఒక బొచ్చుకుక్క. మన లైను ఉండాల్సిన చోట గడ్డి ఉంది. పచ్చగా, కోసి దువ్వినట్టు ఉంది. "ఇది ఎవరు గీసినారే?" అన్నాను. సోమి కింద చిన్న అక్షరాలు చదివింది. చదివి, "పోదాం అవ్వా" అంది. "సెప్పవేటి?" అంటే అప్పుడు చెప్పింది. అది నీ కంపెనీ.

ఒరే, ఆ యూనివర్సిటీ వచ్చిన కొత్తలో రెండు రేకుల షెడ్లు, ఒక గొట్టపుబావి, అంతే. హాస్టలు లేదు. సుక్మా నుంచి, బీజాపూర్ నుంచి ఆడపిల్లలు రేకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని చౌక్‌లో ఇంటింటికీ తిరిగారు. ఏం తింటారు, ఎవరు మీరు అని తలుపులు వేసుకున్నారు ఊళ్ళోవాళ్ళు. మన రైల్వే లైనువాళ్ళమే తీసుకున్నాం. ఇవాళ దానికి కుక్కను తిప్పుకోవడానికి గడ్డి కావాలా? ఆ గడ్డి నువ్వే గీశావా? అవునో కాదో రాయి. వేరే కబుర్లు వద్దు.

తాతమ్మ

(రాసే మనిషి మాట: బాబూ, మీ అత్త నిన్ను ఉద్దేశించి అన్న మూడు మాటలు నేను రాయలేదు. ప్రభువు నన్ను క్షమించును గాక. నువ్వే ఊహించుకో. - సంతోషకుమారి)


రాయ్‌పూర్
24 జనవరి 2025

అత్తా,

అవును, మా ఆఫీసులోనే గీశారు. గడ్డి నేను వెయ్యలేదు, కంప్యూటరులో ఖాళీ చోటంతా అదే నిండుతుంది. కుక్క కూడా అంతే. కానీ లైనుల మ్యాపు నాదే. దాచను.

కోపంలో ఉన్నావు గాని నిదానంగా విను. సంతోషకుమారి పిన్నీ, ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు. యూనివర్సిటీ తన చుట్టుపక్కల బస్తీలన్నిటినీ బాగుచేస్తామని ప్రభుత్వం దగ్గర నిధులు తెచ్చుకుంది. అందులో ఒక నిబంధన ఉంది. అది పెట్టించడానికి నేను ఆరు నెలలు కొట్లాడాను. విద్యార్థులకు చోటిచ్చే ఇళ్ళను ముట్టుకోరు. ఉన్నచోటే పైకప్పు, కాలువ, దారి యూనివర్సిటీయే బాగుచేయించి, ఇల్లు మీ పేరనే పట్టా ఇప్పిస్తుంది. విద్యార్థులు లేని ఇళ్ళవాళ్ళకు బైపాస్ అవతల ఫ్లాట్లు. ఈ నిబంధన పెట్టించినప్పుడు నా మనసులో ఉన్నది మన లైనే.

అక్టోబరులో సర్వే వచ్చింది. తెరిచి చూస్తే లైన్‌పార్‌లో ఒక్క విద్యార్థి కూడా లేడు. ఒక్కరంటే ఒక్కరు! నీ ఇంటికి ఎదురుగా ఏం రాసుందో తెలుసా? "వృద్ధురాలు, మనవరాళ్ళు తొమ్మండుగురు." మా ఆఫీసులో అందరూ నవ్వారు. పిల్లలే లేని మనిషికి మనవరాళ్ళేమిటని నేనూ నవ్వాను. వేరే ఇంటి వివరం ఇందులో కలిసిందనుకున్నాను. తర్వాత మాత్రం బాధ వేసింది. ఆ పిల్లలను ఎప్పుడు పంపించేశావు? నాకు ఒక్క మాటైనా చెప్పలేదే. వయసు మీదపడి వండిపెట్టలేక పంపించావనుకో, ఆ సంగతి నాతో అనొచ్చు కదా. ఇప్పుడు ఖాళీ ఇంటిని నేనెలా కాపాడను?

మోకాళ్ళ గురించి అడగను. చలి ఎక్కువగా ఉందట, జాగ్రత్త.

ఉమా


లైన్‌పార్ బస్తీ
3 ఫిబ్రవరి 2025

ఒరే తెలివైనవాడా,

ఎవరిని పంపించేశానురా నేను? ఇది రాస్తుంటే వెనక గదిలో తొమ్మిది మంది ఒకేసారి మాట్లాడుతున్నారు, నా మాట సంతోషకుమారికి వినపడక రెండేసి సార్లు చెబుతున్నాను. వండలేక పంపించానట! ఈ పొద్దున కూడా నేనే గంజి వార్చాను.

మరి ఆ సర్వే సంగతి చెబుతాను, విను. తప్పు పట్టడానికి తొందరపడకు.

రెండేళ్ళ కిందట ఒకడు సంచీ తగిలించుకుని రాధ వాళ్ళింటికొచ్చాడు. "ఎంతమంది ఉంటారమ్మా, ఏం చేస్తారు?" అని తియ్యగా అడిగాడు. అది అమాయకురాలు, చదువుకునే పిల్లలు ఉంటున్నారని చెప్పింది. ఇది వ్యాపారమన్నాడు. వారం తిరక్కుండా ఇంటి కరెంటు మీటరు పీకి దుకాణాల మీటరు బిగించారు. బిల్లు చూసి రాధ మొగుడు మూడు రోజులు అన్నం తినలేదు. అప్పటినుంచి మన లైనులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. సంచీ తగిలించుకున్నవాడు ఎవడొచ్చి అడిగినా, ఇంట్లో ఉన్నవాళ్ళందరూ చుట్టాలే. ఇది నేనే పెట్టాను.

అక్టోబరులో ఇద్దరు అబ్బాయిలు, ఒకమ్మాయి పలకలాంటి ఫోన్లు పట్టుకొచ్చారు. సంచులూ ఉన్నాయి. "వీళ్ళెవరమ్మా?" అన్నారు. "నా మనవరాళ్ళు" అన్నాను. "తొమ్మండుగురా?" "ఔను. లెక్కెట్టుకో." "మీకు కొడుకులెందరు?" "కొడుకులు నేరు." "కూతుళ్ళు?" "ఆళ్ళూ నేరు." ఆ అమ్మాయి పెన్ను ఆపి నా మొహంకేసి చూసింది. "మరి మనవరాళ్ళెలా వచ్చారు?" "బస్సులో వొచ్చినారు" అన్నాను. సోమి నోట్లో కొంగు కుక్కుకుంది. అటు సుమిత్ర తన ఇంట్లో ఉండి చదువుకునే పిల్లలను కోడలి చెల్లెళ్ళని చెప్పింది. దానికింకా కోడలే రాలేదు.

ఇది కరెంటువాళ్ళ పని కాదు, ఇళ్ళు నిలబెట్టే పని అని ఎవడైనా ఒక్క మాట చెప్పాడా? నువ్వు చెప్పావా? నిబంధన పెట్టించావట, ఎవరికోసం పెట్టించావో వాళ్ళకు చెప్పకుండా పెట్టించావు. నీ మ్యాపులో మా ఇళ్ళు కనిపించాయి గాని మేం కనిపించలేదు.

ఇంకొకటి. సోమి విషయంలో నేను చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళమ్మ జోగే దాన్ని మొదటిసారి తెచ్చినప్పుడు నువ్వు ఇక్కడ లేవు. అరుగు మీద కూర్చుంది, నీళ్ళు తాగింది, పిల్లను మాత్రం లోపలికి పంపలేదు. "ఏటమ్మా, ఇల్లు నచ్చలేదా?" అన్నాను. "వరస కలపకుంట ఆడపిల్లను ఒకరింట్ల ఎట్ల ఇడుస్తరు? నిన్నేమని పిలవాలె?" అంది. వాళ్ళ వైపు అదే పద్ధతట. నేను ఆలోచిస్తుంటే తనే అంది, "నాకు అమ్మ లేదు. నిన్ను అమ్మ అంట." అప్పుడు పిల్ల గడప దాటింది. అప్పటినుంచి పంట చేతికొచ్చినప్పుడల్లా బియ్యం, చింతపండు, ఇప్పగింజల నూనె మోసుకొస్తుంది. పుట్టింటికి వచ్చినట్టు వచ్చి, నా వంట బాగోలేదని చెప్పి పోతుంది. మిగతా పిల్లల తల్లులూ కొంచెం అటూ ఇటూ అంతే.

కాబట్టి నీ సర్వేలో ఉన్నది నిజమే. ఇప్పుడు దాన్ని ఏం చేస్తావో నువ్వే తేల్చు. గోడమీద ఇంటూ మార్కు ఇంకా ఉంది, రోజూ చూస్తున్నాను. నిద్ర పట్టడం లేదు.

తాతమ్మ


రాయ్‌పూర్
15 ఫిబ్రవరి 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. చెప్పలేదన్న మాట నిజమే. నిబంధన రాస్తే చాలు, అదే అందరికీ చేరుతుందనుకున్నాను. దాని గురించి ఇప్పుడు వాదించను. టైము లేదు.

మార్చి 11న యూనివర్సిటీ ఆడిటోరియంలో జన సున్వాయి పెడుతున్నారు. బస్తీవాళ్ళ అభ్యంతరాలు వినే సభ. సర్వే తప్పని చెప్పుకోవడానికి అదొక్కటే దారి. నీది మలుపులో మొదటి ఇల్లు, నిన్నే ముందు పిలుస్తారు. నువ్వు చెప్పినదాన్ని బట్టే మిగతా లైను సంగతి చూస్తారు. అందుకని నేను చెప్పినట్టు చెయ్యి.

మనవరాళ్ళు అన్న మాట ఎత్తకు. చుట్టరికం ఉంటే నిబంధన వర్తించదు. "వీళ్ళు విద్యార్థినులు, మా ఇంట్లో కిరాయికి ఉంటున్నారు, మాకు ఏమీ కారు" అని మైకులో స్పష్టంగా చెప్పు. కిరాయి డబ్బుగా కాదు, ధాన్యంగా ఇస్తారని చెబితే చాలు, ఒప్పుకుంటారు. కమిటీ మేడమ్‌తో నేను మాట్లాడాను, మంచి మనిషి. కరెంటు మీటరు మార్చకుండా ఒప్పందంలో రాయిస్తామని ఆవిడ మాట ఇచ్చింది. పిల్లల తల్లిదండ్రులు ఒకరిద్దరు వచ్చి అవునంటే ఇక ఎదురుండదు. జోగే రాగలదా? పిలిపించు. సాక్ష్యం బలంగా ఉంటుంది.

నీకు ఇలా చెప్పడం ఇష్టముండదని తెలుసు. ఒక్క మాటే కదా అత్తా. ఇల్లు మిగులుతుంది.

ఉమా


లైన్‌పార్ బస్తీ
13 మార్చి 2025

ఉమా,

ఇల్లు మిగిలింది. లైను మొత్తం మిగిలింది. రాధ, సుమిత్ర వాళ్ళు నిన్న మిఠాయి పంచారు. గోడమీద ఇంటూ మార్కు పైన తెల్లరంగు వేసి నీలం నంబరు రాసిపోయారు.

ఇక జరిగింది చెబుతాను. జోగే పిలవగానే వచ్చింది, తమ్ముడు మాసాను వెంటబెట్టుకుని. ముందురోజు రాత్రి మనింట్లోనే పడుకున్నారు. సభలో ఏం చెప్పబోతున్నానో జోగేకు ముందే చెప్పాలనుకున్నాను. చెప్పబోతే చింతపండు గింజ తీస్తూ ఊరి గొడవలు మొదలెట్టింది, పక్క ఊళ్ళో పోలీసు క్యాంపు పెట్టారని, కొత్త రోడ్డు పడిందని. పొద్దున చెబుదాంలే అనుకున్నాను. పొద్దున ఆటో వచ్చేసింది.

ఆడిటోరియం చల్లగా, చీకటిగా ఉంది. జోగే ముందు వరసలో కూర్చుంది, తెచ్చిన బియ్యం మూట కాళ్ళ దగ్గర పెట్టుకుని. ఇంట్లో దించిరమ్మంటే వినలేదు, "మా అమ్మకు తెచ్చినమని వాళ్ళకు చూపియ్యనా" అంది. నన్ను పిలిచారు. మైకు నా నోటికంటే ఎత్తుగా ఉంది, ఎవరో వంచారు. మేడమ్ హిందీలో అడిగింది, ఈ అమ్మాయిలు మీకు ఏమవుతారని. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. హిందీలో చెప్పి, మన లైనువాళ్ళకు తెలియాలని తెలుగులోనూ చెప్పాను. "వీళ్ళు నాకు ఏటీ కారు. కిరాయికున్నారు." అంతే అన్నాను. హాలంతా వినిపించింది. అన్ని మూలల నుంచీ నా గొంతే తిరిగి నా దగ్గరికొచ్చింది.

అప్పుడు మేడమ్ జోగేను లేపి కిరాయి ఎంతిస్తారని అడిగింది. జోగే లేచింది. నాకేసి చూడలేదు. "నేను కిరాయి ఇయ్యలే. మా అమ్మకు తెచ్చిన. నాకు అమ్మ లేదని ఇప్పుడే ఎరికైంది" అంది. మేడమ్‌కు తెలుగు రాదు. పక్కనున్న గుమాస్తా హిందీ చేసి చెప్పాడు, ధాన్యం తెచ్చి ఇస్తారట అని. మేడమ్ సంతోషించి రాసుకుంది. చప్పట్లు కొట్టారు.

సోమి నా చెవిలో, "అవ్వా, నాకు తెలుసు, ఇంటి కోసమే కదా" అంది. దానికి అర్థమైంది. కానీ జోగే ఇంటికొచ్చి సోమి పెట్టె, పరుపుచుట్ట మాసా నెత్తికెత్తింది. "ఓలమ్మా, అది ఇంటి కోసం అన్న మాటే" అని నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. "ఏంది, జరుగు. కిరాయి ఇంట్ల మా పిల్ల ఉండది" అంది. "ఏప్రిల్ పదహారు నుంచి దానికి పరీక్షలే!" అన్నాను. "సదువుకు ఇంకో కిరాయి ఇల్లు దొరకదా" అంది. బియ్యం మూట మాత్రం అరుగు మీద పెట్టింది. "ఈ నెల కిరాయి" అని పిల్లను తీసుకుని పోయింది.

ఆ మూట అక్కడే ఉంది. నేను లోపలికి తేలేదు. రాధ తెస్తానంటే తిట్టాను.

తాతమ్మ

(రాసే మనిషి మాట: రెండు రోజులుగా మీ అత్త సరిగా తినడం లేదు. చెప్పొద్దంది. - సం.కు.)


రాయ్‌పూర్
20 మార్చి 2025

అత్తా,

మా ఆఫీసులో నీ పేరు మారుమోగిపోతోంది! లైన్‌పార్‌ను నిలబెట్టిన మనిషివి. యూనివర్సిటీవాళ్ళు ఏప్రిల్ 2న నీతోనే మొదటి ఒప్పందం చేసుకోవాలనుకుంటున్నారు. నువ్వు వేలిముద్ర వేస్తుంటే ఫోటో తీస్తారట. మంచి చీర కట్టుకో. నేనూ వస్తున్నాను, రాత్రి బస్సులో.

జోగే సంగతికి బాధపడ్డాను. పల్లె మనిషి కదా, మాట తప్పుగా అర్థం చేసుకుంది, నాలుగు రోజుల్లో చల్లబడుతుంది. కానీ సోమి మంచం ఖాళీగా ఉంచడం మంచిది కాదు. ఎన్ని మంచాలు చూపించామో అంతమంది ఉండాలి, తనిఖీకి వస్తారు. అందుకని హాస్టల్ ఆఫీసులో చెప్పి, చోటు కోసం ఎదురుచూస్తున్న ఒక అమ్మాయిని నీ దగ్గరికి పంపమన్నాను. సోమవారం వస్తుంది. ఈ అమ్మాయి నెలకింత అని డబ్బే ఇస్తుంది, నీకూ సుళువు. బియ్యం మూట లోపల పెట్టించు, పురుగు పడుతుంది.

2వ తేదీ మాత్రం మరచిపోకు. ఆ రోజు నువ్వు లేకపోతే నీ తర్వాతి ఇళ్ళ సంతకాలూ ఆగిపోతాయి.

ఉమా


ఆవపల్లి
29 మార్చి 2025

ఉమా,

ఈ ఉత్తరం సంతోషకుమారి రాయడం లేదు. ఆవిడ లైన్‌పార్‌లో నా పిల్లలకు వండిపెడుతోంది. ఇది రాస్తున్నది ఇక్కడ కిరాణా కొట్టు నడిపే పండు, వెంకటాపురం నుంచి వచ్చినవాడు. రాసి, ఫోటో తీసి నీ ఫోనుకు పంపిస్తానన్నాడు.

జోగే తప్పుగా అర్థం చేసుకుందని రాశావు. సరిగ్గా అర్థం చేసుకుందిరా. ఆ హాలులో నా మాట ఉన్నదున్నట్టు విన్నది అదొక్కతే.

నువ్వు పంపిన అమ్మాయి సోమవారం వచ్చింది. మంచి పిల్లే, భయపడుతూ నిలబడింది. అన్నం పెట్టాను. రాధ వాళ్ళింట్లో చోటుంది, అక్కడ పడుకోబెట్టాను. మంగళవారం అరుగు మీది మూట ఎత్తుకుని బీజాపూర్ బస్సెక్కాను, అక్కడినుంచి ఆవపల్లికి ఇంకో బస్సు, చివర జోగే ఊరిదాకా ఎవరి సైకిలు మీదనో వెనక కూర్చుని వచ్చాను. నా వయసుకు సైకిలెక్కాల్సి వచ్చిందని నవ్వుకో. మూట జోగే గుమ్మంలో దించి, "తీసుకో, నీ కిరాయి నాకొద్దు" అన్నాను. జోగే రమ్మనలేదు, పొమ్మనలేదు. పడుకోవడానికి మంచం వాల్చింది. జావ పోసింది.

పొద్దున లేవగానే వచ్చి నిలబడింది. "రాత్రి పండుకున్నవ్ కదా. కిరాయి ఎంతిస్తవ్?" అంది. పక్కింటివాళ్ళు వింటున్నారు. "ఇవ్వను" అన్నాను. మర్నాడూ అడిగింది. "ఇవ్వను, ఏం చేస్తావో చేసుకో" అన్నాను. "కిరాయి ఇయ్యకపోతే పనిచెయ్" అని బుట్ట విసిరింది. ఇప్పుడు ఇప్పపూలు రాలే రోజులు. తెల్లవారకముందే అడవికి పోవాలి. పోతున్నాను. వంగితే లేవలేను, కూర్చునే జరుగుతూ ఏరుతున్నాను. "పట్నపామె పూలు ఏరుతుందా, పూల మీద కూసుంటుందా?" అని జోగే నలుగురిలో అంటుంది. "నీ బుట్టలో సగం ఆకులే, ముందది సూసుకో" అని నేనంటాను. అమ్మా అని మాత్రం పిలవలేదు. ఏమనీ పిలవడం లేదు.

నీ కాగితం సంగతి. రాధ పండు ఫోనుకు పంపిన ఒప్పందాన్ని సోమి నాకు చదివి వినిపించింది. ఇంటి యజమాని, కిరాయిదారు అని ప్రతి వరసలోనూ ఉంది. ఆ మాట తీసేయించు. "ఇంట్లో ఉండి చదువుకునేవాళ్ళు" అని రాయించు. ఆ పిల్ల ఏమవుతుందని అడగడానికి ఒక గడి పెట్టించు, ఎవరికి ఏం వరస ఉంటే అది రాసుకుంటారు, ఏమీ లేనివాళ్ళు వదిలేస్తారు. చుట్టరికం ఉంటే నిబంధన వర్తించదన్నావు. ఎందుకు వర్తించదు? చుట్టమైతే చదువుకోదా? ఆ యూనివర్సిటీని ఇన్నేళ్ళు మోసింది చుట్టరికమే, కిరాయి కాదు. ఆ ముక్క మేడమ్‌తో నువ్వు చెప్పు, గడ్డి కొట్టేసి మమ్మల్ని గీసినవాడివి, ఇది కూడా చెయ్యగలవు.

2వ తేదీన నేను రాకపోతే రాధ వాళ్ళ సంతకాలు ఆగుతాయన్నావు. తెలుసు. ఆ మాట నాకు పగలూ రాత్రీ గుచ్చుకుంటూనే ఉంది. రాధ కూడా నిన్న పండు ఫోనుకు చేసి ఏడ్చింది, "అత్తా, నీ వొక్క పిల్ల కోసం మా అందరి కొంపలూ తీస్తావేటి?" అని. ఫోను పెట్టేశాను. దాని కోపం న్యాయమైనదే. అయినా తప్పుడు మాట మీద వేలిముద్ర వేసి, మళ్ళీ ఇక్కడికొచ్చి జోగే మొహం చూడలేను. అందుకని తేదీ నువ్వు జరిపించు. నాలుగు రోజులు జరిపితే ఆ యూనివర్సిటీ కూలిపోదు.

నిన్న సోమి పెట్టె సర్దుకుంది. జోగే విప్పేసి బట్టలు దండెం మీద వేసింది. ఇవాళ సోమి మళ్ళీ సర్దింది. జోగే చూసింది, విప్పలేదు. బీజాపూర్ బస్సు పొద్దున్నే ఉంది. సోమి ఎక్కుతుందో లేదో నాకు తెలీదు. అది ఎక్కేదాకా నేను ఎక్కను.

తాతమ్మ

(పండు రాసిన: సార్, అమ్మ రేపు కూడ పూలకు పోతనన్నది. నేను మీ నంబర్‌కు పంపిన. జవాబు నా ఫోన్‌కే పంపున్రి, సదివి ఇనిపిస్త.)